గోదావరి డెల్టాలో క్లోరెల్లా గొట్టాలు: చుట్ట విప్పేసి నిలువుగా వేలాడదీయండి

మీరు అడిగింది ఇదీ. పాలకొల్లు దగ్గర డాబా మీద, అంగుళం లోపలి కొలత ఉన్న పారదర్శక గొట్టం 60 మీటర్లు ఇనుప చట్రానికి చుట్టి, కూలర్ మోటారుతో నీళ్లు తిప్పుతూ క్లోరెల్లా అనే కంటికి కనబడని పచ్చ నాచు (ఆల్గే) పెంచారు. కొర్రమీను పిల్లలకు వేసే రోటిఫర్లు, మొయినా అనే చిన్న నీటి పురుగులకు మేత కోసం. నాలుగు రోజులు చక్కగా పచ్చబడింది. ఆరో రోజుకు పసుపు తిరిగింది, ఎనిమిదో రోజుకు తెల్లటి తరక, గొట్టం లోపలంతా జిగురు. ఎరువు పెంచాలా, ఎండ తగ్గించాలా, పెద్ద పంపు వేయాలా అని ప్రశ్న.

ఆ మూడింటిలో ఏది చేసినా మళ్లీ అదే జరుగుతుందండి. తప్పు చుట్టలోనే ఉంది. లెక్క చూడండి. 60 మీటర్ల అంగుళం గొట్టంలో పట్టేది దాదాపు 30 లీటర్లు. అంత పొడవులో రాపిడిని తోసుకుంటూ కూలర్ మోటారు నిమిషానికి 5 లీటర్లు ఇస్తే గొప్ప. అంటే నీరు ఈ చివర దూరి ఆ చివర తేలడానికి 6 నిమిషాలు. చిక్కగా పెరిగిన ఆల్గే మిట్టమధ్యాహ్నం ఎండలో నిమిషానికి లీటరుకు 2 నుంచి 3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ వదులుతుంది. 30 డిగ్రీల నీటిలో మామూలుగా కరిగి ఉండేది ఏడున్నర మిల్లీగ్రాములే. గొట్టం మూసి ఉంది కాబట్టి అది బయటికి పోయే దారి లేదు. చుట్ట చివరికి వచ్చేసరికి 20 దాటిపోతుంది. అంత ఆక్సిజన్‌లో, మండే ఎండలో క్లోరెల్లా తన పచ్చదనాన్ని తానే కాల్చుకుంటుంది. మొదటి నాలుగు రోజులు బాగుండటానికి కారణం కూడా ఇదే: అప్పుడు కల్చర్ (పెంచుతున్న పచ్చనీరు) పలచన, వదిలే ఆక్సిజన్ తక్కువ.

రెండోది వేడి. అంగుళం గొట్టంలో నీటికి బరువు లేదు, గంటలో వేడెక్కిపోతుంది. డాబా సిమెంటు కింద నుంచి కాలుస్తుంది, నీళ్లలో మునిగిన మోటారు తన వేడిని తాను కలుపుతుంది. బయట 36 డిగ్రీలుంటే చుట్టలో 44 అయినా ఆశ్చర్యం లేదు. క్లోరెల్లాకు 25 నుంచి 30 హాయి, 33 దాటితే నీరసం, 38 దాటితే చావు. మూడోది వేగం. నీరు సెకనుకు కనీసం 30 సెంటీమీటర్లు నడిస్తేనే కణాలు గోడకు అంటవు. మీ లెక్కన నడుస్తున్నది 17. జిగురు అందుకే.

చలి దేశాల్లో, గాజు గొట్టాలతో, మధ్యమధ్యలో ఆక్సిజన్ వదిలే తొట్లతో కట్టే పద్ధతి ఈ చుట్ట. దాని బొమ్మ చూసి ఇక్కడ కడితే పనిచేయదు. మన దగ్గర వెలుతురు ఎప్పుడూ చాలినంత ఉంటుంది. మనం కాచుకోవాల్సింది వేడిని, ఆక్సిజన్‌ను, రాత్రిపూట కరెంటును. ఈ మూడింటికీ కలిపి జవాబు పై మూత తెరిచి, కింద నుంచి గాలి కొట్టే పొట్టి నిలువు గొట్టాలు. నీళ్ల పంపు అక్కర్లేదు, గాలి బుడగే నీటిని కలుపుతుంది, ఆక్సిజన్‌ను ఊడ్చుకుపోతుంది.

నిలువుగా పెట్టడంలో ఇంకో సుఖం ఉంది. డెల్టా 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ వేళ నిలువు గొట్టం మీద ఎండ పడేది పైమూతి మీదే, ఒళ్లంతా తప్పించుకుంటుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు ఒళ్లంతా ఎండ తగులుతుంది. పడుకోబెట్టిన గొట్టానికి దీనికి సరిగ్గా తలకిందులు.

ఇక కట్టడం. గొట్టానికి పాలిథీన్ లే-ఫ్లాట్ ట్యూబు (చదునుగా మడిచి వచ్చే గొట్టం) చాలు, అక్రిలిక్ మీద డబ్బు పోయొద్దు. పరిచినప్పుడు 7 అంగుళాల వెడల్పు, 200 మైక్రాన్ల మందం, రంగు లేనిది అడగండి. నీళ్లు పోస్తే అది 11 సెంటీమీటర్ల లావు గొట్టం అవుతుంది. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద సరిగ్గా, కొద్దిపాటి వదులుతో తొడుక్కుంటుంది. 7 అంగుళాలే అనడానికి కారణం అదే. ఒకటిన్నర మీటరు ఎత్తున నీరు నిలిపితే ఒక్కోదానిలో 15 లీటర్లు. ఎనిమిది గొట్టాలకు 120 లీటర్లు. ఇంతకంటే లావు పెడితే నడిమధ్యకు వెలుతురు చేరదు, సన్నంగా పెడితే మళ్లీ వేడి.

ఒక్కో గొట్టానికి ట్యూబు 2 మీటర్లు కోయండి. అడుగున 110 మి.మీ. పైపు ముక్క 15 సెంటీమీటర్లు, దానికి 110 నుంచి 63కు దిగే రిడ్యూసరు, దాని కింద 63 మి.మీ. మూత, మూతకు అరంగుళం ట్యాంక్ నిపుల్, బాల్ వాల్వు. రిడ్యూసరు ఎందుకంటే అడుగు గరాటులా ఉండాలి. చదునుగా ఉంటే చచ్చిన కణాలు మూలల్లో పేరుకుని కుళ్లుతాయి. పాలిథీన్‌ను పైపు మీద 10 సెంటీమీటర్లు తొడిగి, పాత సైకిలు ట్యూబును రెండు వేళ్ల వెడల్పు పట్టీగా కోసి బిగువుగా నాలుగైదు చుట్లు చుట్టండి. ఆ రబ్బరు మీద స్టీలు క్లాంపు. క్లాంపును నేరుగా పాలిథీన్ మీద బిగిస్తే మొదటి రాత్రే కోసేస్తుంది. పైన కూడా అలాగే 10 సెంటీమీటర్ల పైపు ఉంగరం తొడిగి, రెండు బెజ్జాలు వేసి, జీఐ పైపు చట్రానికి తీగతో కట్టండి.

బరువంతా పై తీగ మోయకూడదు. కింద చెక్కపలకకు గుండ్రటి రంధ్రాలు చేసి రిడ్యూసర్లు వాటిలో కూర్చునేలా పెట్టండి. పై తీగ పని నిటారుగా నిలపడం వరకే. నీటి ఒత్తిడి అడుగు అరమీటరు మీదే ఎక్కువ, ఎండకు మెత్తబడిన పాలిథీన్ అక్కడే ఉబ్బుతుంది. ఆ భాగానికి చిరిగిన నైలాన్ వల ముక్కను తొడుగులా కుట్టి ఎక్కించండి. మన వైపు వల ముక్కకు కొదవేముంది.

గొట్టానికి గొట్టానికి నడుమ 30 సెంటీమీటర్ల ఎడం, వరస ఉత్తరం దక్షిణంగా. చోటు ఎంచుకునే వీలుంటే డాబా కంటే ఇంటికి తూర్పు పక్క మేలు: పొద్దున నుంచి ఎండ, రెండు దాటాక గోడ నీడ. కొబ్బరిచెట్టు నీడను నమ్ముకోవద్దు. అది గంటకో చోటికి జరుగుతుంది, పైగా మట్ట పడితే వరసంతా పోతుంది. డాబాయే గతి అయితే గొట్టాల కింద తాటాకో గోనెలో పరిచి, ఫిబ్రవరి చివర నుంచి 50 శాతం షేడ్ నెట్ కట్టండి.

గాలి విషయంలో చాలామంది పొరపడతారు. ఎయిర్ స్టోన్ (సన్న బుడగలు తీసే రాయి) వద్దు. సన్నటి బుడగ నురగ తెస్తుంది, నీటిని కలపదు, వారంలో పూడుకుపోతుంది. 4 మి.మీ. గట్టి గొట్టాన్ని పైనుంచి దింపి, కొన గరాటు అడుగుకు 3 సెంటీమీటర్ల పైన ఉండేలా కట్టండి. నీటి పరిమాణంలో మూడో వంతు నుంచి సగం గాలి నిమిషానికి కావాలి, అంటే గొట్టానికి 5 నుంచి 7 లీటర్లు, మొత్తం 40 నుంచి 60. గాలి పంపు పెట్టె మీద రాసే అంకె లోతు లేనప్పటిది. ఒకటిన్నర మీటర్ల లోతున అది బాగా తగ్గుతుంది కాబట్టి 70 లీటర్లదానికి తక్కువ కొనొద్దు. గాలి పైపును అంగుళం పీవీసీతో చట్రం చుట్టూ మూసిన చుట్టుగా వేసి, దాని నుంచి ఒక్కోదానికి చిన్న వాల్వు ఇవ్వండి. ఒకే గీతగా వేస్తే మొదటి గొట్టం అన్నం ఎసరులా ఉడుకుతుంది, చివరిదానికి ఊపిరాడదు. పంపు నీటిమట్టం కంటే ఎత్తున ఉండాలి. లేదంటే కరెంటు పోగానే పచ్చనీరు వెనక్కి పాకి పంపులోకి దిగుతుంది. పంపు పీల్చే చోట దూది కుక్కిన సీసా ఒకటి, వారానికోసారి దూది మార్చాలి. పైమూతులకు దోమతెర గుడ్డ కట్టండి, లేకుంటే వారంలో దోమ పిల్లలు.

కరెంటు. మధ్యాహ్నం ఎండలో గాలి ఆగితే గంట దాటకుండా చూడాలి, రాత్రి అయితే మూడు నాలుగు గంటలు ఓర్చుకుంటుంది. ఆగినంతసేపూ కణాలు అడుగుకు దిగుతాయి, అక్కడ ఆక్సిజన్ అయిపోయి కుళ్లు మొదలవుతుంది. ఇన్వర్టరు లైను ఉంటే దాని మీద వేయండి, లేదంటే 12 వోల్టుల చిన్న ఎయిర్ పంపును పాత బ్యాటరీకి కట్టి ఉంచండి. సగం గాలి అయినా చాలు. కరెంటు వచ్చాక ముందు అడుగు వాల్వు తిప్పి అర లీటరు పారబోయండి, ఆ తర్వాతే గాలి. ఎందుకంటే అడుగున కుళ్లినదాన్ని గాలితో లేపి కలిపితే మంచిది కూడా పోతుంది.

నీళ్ల దగ్గర ఎక్కువ జాగ్రత్త. చెరువు నీరు, మురుగు కాలువ నీరు ససేమిరా వద్దు, నిండా రోటిఫర్ గుడ్లు ఉంటాయి. పంట కాలువ నీరు మామూలు రోజుల్లో పరవాలేదు కానీ సార్వా, దాళ్వా నాట్ల తర్వాత వారం పది రోజులు ముట్టొద్దు. బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్ లాంటి గడ్డిమందులు చేలల్లోంచి దిగుతాయి. గడ్డిని చంపేది ఆల్గేను బతకనివ్వదు, బ్లీచింగ్ దాన్ని విరవదు కూడా. వేసవిలో ఎలాగూ కాలువలు కట్టేస్తారు. బోరు నీరైతే ఈ పరీక్ష చేయండి: గ్లాసు నీళ్లలో చిటికెడు తినేసోడా, చిటికెడు 0-52-34 ఎరువు (భాస్వరం, పొటాష్ ఉన్నది) కరిగించి గంట ఉంచండి. పాలనీళ్లలా తెల్లబడితే కాల్షియం ఎక్కువ, గొట్టంలో కూడా అదే జరిగి ఫాస్ఫేటు అడుగుకు చేరుతుంది. నరసాపురం, అంతర్వేది వైపు బోర్లలో ఉప్పు సంగతి వేరే చెప్పక్కర్లేదు. నిజానికి ఇంత చిన్న ఏర్పాటుకు ఊళ్లో అమ్మే ఆర్వో టిన్నులే తేలిక. మొదటిసారి ఆరు టిన్నులు, తర్వాత రోజుకు ఒకటిన్నర. ఆర్వో నీటిలో లవణాలు లేవు కాబట్టి అయిదో వంతు మంచి బోరు నీరో కాలువ నీరో కలపండి.

ఏ నీరైనా 1 మైక్రాన్ ఫిల్టరులోంచి 200 లీటర్ల డ్రమ్ములోకి పట్టి, 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ 7 గ్రాములు వేయండి. అది 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) అవుతుంది. మన గాలి తేమకు తెరిచిన బ్లీచింగ్ సంచి నెలలో సత్తువ కోల్పోతుంది. ముద్దకట్టినదాన్ని వాడొద్దు. 24 గంటలు గాలి కొట్టి, క్లోరిన్ పరీక్షకు వాడే ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి చూడండి. పసుపు కనబడితే ఇంకా క్లోరిన్ ఉన్నట్టే. 1 పీపీఎం మిగిలితే 200 లీటర్లకు హైపో (సోడియం థయోసల్ఫేట్) ఒకటిన్నర గ్రాములు దాన్ని విరుస్తుంది.

ఎరువుల్లో డీఏపీ, సూపర్ ఫాస్ఫేటు లాంటివి మట్టితో వస్తాయి, ఇక్కడికి పనికిరావు. డ్రిప్పులో వాడే నీటిలో కరిగే ఎరువులు తీసుకోండి. కడియం నర్సరీలకు సరుకు అమ్మే షాపుల్లో చూడండి. రెండు సీసాలుగా చేసుకోవాలి. మొదటిది: 2 లీటర్ల నీటిలో పొటాషియం నైట్రేట్ (13-0-45) 310 గ్రాములు, 0-52-34 ఎరువు 22 గ్రాములు. రెండోది: 1 లీటరు నీటిలో మెగ్నీషియం సల్ఫేట్ 50 గ్రాములు, ఐరన్ ఈడీటీఏ (నీటిలో కరిగి నిలిచే ఇనుము) 4 గ్రాములు, ఈడీటీఏ రూపంలో ఉన్న సూక్ష్మధాతు మిశ్రమం 3 గ్రాములు. 100 లీటర్లకు మొదటిది 200 మి.లీ., రెండోది 100 మి.లీ. రెండూ ఒకే సీసాలో కలిపితే ఫాస్ఫేటు మెగ్నీషియంతో, ఇనుముతో ముద్దవుతుంది. వీటికి తోడు తినేసోడా 100 లీటర్లకు 50 గ్రాములు. లెక్కంతా లీటరుకు అర గ్రాము పొడి ఆల్గే వరకు పెరగడానికి సరిపడా వేసింది. అంతకు మించి పోస్తే పెరిగేది ఆల్గే కాదు, వేరే పురుగూ పుట్రా. యూరియా చవకే, 100 లీటర్లకు 9 గ్రాములు చాలు కూడా. కానీ పీహెచ్ 9 దాటిన నీటిలో అది విరిగి అమ్మోనియా అయితే మీ రోటిఫర్లకు ముప్పు.

కార్బన్ డయాక్సైడ్ సిలిండరు కొనాలనిపిస్తుంది. లెక్క వేశాక కొనండి. గాలిలో 1 శాతం కలిపితే పగలు 8 గంటల్లో 400 గ్రాముల పైనే పోతుంది. రోజుకు 40 గ్రాముల ఆల్గే పెరిగినా దానికి కావలసింది 70 గ్రాములు. మిగతా అంతా డాబా మీద గాలిపాలు. పీహెచ్ చూసి తెరుచుకునే వాల్వు పెట్టలేనప్పుడు సిలిండరు దండగ. ఉత్త గాలితో ఈ 120 లీటర్ల నుంచి రోజుకు 15 నుంచి 20 గ్రాముల పొడి బరువు వస్తుంది. పొడి అమ్ముకుందామనుకునేవాళ్లు ఈ అంకె దగ్గరే ఆగి ఆలోచించుకోవాలి. రోటిఫర్ల మేతకు మాత్రం రోజుకు 30 లీటర్ల చిక్కటి పచ్చనీరు అంటే బాగా పనికొచ్చే సంగతే.

విత్తనం ఒక్కసారిగా 120 లీటర్లలో పోయొద్దు. శుద్ధమైన క్లోరెల్లా లీటరు తెచ్చి, నీడలో 5 లీటర్లు చేసి, దాన్ని ఒక గొట్టంలో 15 లీటర్లుగా నింపి, అది ముదురు పచ్చబడ్డాక మిగతావాటికి విడతలుగా పంచండి. ఎప్పుడూ కొత్త నీటికి అయిదో వంతుకు తగ్గకుండా విత్తనం ఉండాలి. పలచగా ఉన్న కల్చర్‌కు ఎదురెండ విషం, ఒక కణానికి మరో కణం నీడ ఇవ్వదు. కొత్తగా నింపిన గొట్టాలకు మొదటి మూడు రోజులు రెండో షేడ్ నెట్ అదనంగా కప్పండి. మైక్రోస్కోపు, లెక్క గళ్ల స్లైడు ఉంటే మిల్లీలీటరుకు కోటి కణాలు దాటాక తీయడం మొదలుపెట్టండి. లేకపోతే పుల్లకు తెల్ల ప్లాస్టిక్ ముక్క కట్టి, బకెట్టులో తీసిన పచ్చనీటిలో ముంచండి. 3 సెంటీమీటర్ల లోతులోనే మాయమైతే తయారైనట్టు. 10 సెంటీమీటర్ల దాకా కనబడితే ఇంకా పలచన.

అక్కడి నుంచి రోజూ పొద్దున్నే నాలుగో వంతు తీసి అంతే ఎరువు నీరు పోయాలి. తీసిన నీటికి సరిపడా ఎరువే కలపండి, మొత్తానికి కాదు. శ్రావణ మాసం మబ్బుల్లో పదో వంతుకు తగ్గించండి, లేదా రోజు విడిచి రోజు తీయండి. బాగా పెరుగుతోంది కదా అని తీయకుండా వదిలేయడం కూడా తప్పే. చిక్కబడినకొద్దీ పీహెచ్ ఎక్కుతుంది. పొద్దున 8, మధ్యాహ్నం 9 మామూలు. 10 దాటితే కాల్షియం ఫాస్ఫేటు ముద్దకట్టి కణాలను కూడా వెంటేసుకుని అడుగుకు దిగుతుంది. జనం దాన్ని చచ్చిపోయింది అనుకుంటారు, నిజానికి తీయాల్సిన రోజు తీయకపోవడమే. క్లోరెల్లా కణం 2 నుంచి 10 మైక్రాన్లు, ఏ గుడ్డలోనూ ఆగదు. పచ్చనీటిని పచ్చనీటిగానే రోటిఫర్ తొట్టిలో పోయాలి.

పాడయ్యే తీరును బట్టి కారణం పోల్చుకోవచ్చు. అన్ని గొట్టాలూ మెల్లగా లేత పసుపుకు తిరిగితే నైట్రోజన్ అయిపోయింది. ఎరువు పోసిన రెండు రోజుల్లో పచ్చబడాలి. పచ్చబడకపోతే ఇనుము లోటు. ఒకే మధ్యాహ్నంలో తెల్లబడితే వేడి, థర్మామీటరు చూడండి. గోడకు పొర కడుతుంటే గాలి చాలలేదు. పైన చిక్కటి నురగ నిలిచిందంటే కణాలు పగిలి చస్తున్నాయని అర్థం. గుడ్డు కుళ్లిన వాసన వస్తే అడుగు మట్టి తీయలేదు.

అన్నిటికంటే పాడు రకం, రాత్రి ముదురు పచ్చగా ఉన్న గొట్టం పొద్దునకు టీ నీళ్లలా తేటబడటం. అది రోటిఫర్ దూరడం. భూతద్దంతో చూస్తే తెల్ల చుక్కలు పరుగెడుతుంటాయి. మందు కోసం వెతకొద్దు, ఆ గొట్టం పారబోసి 100 పీపీఎం బ్లీచింగ్‌తో ఓ రాత్రంతా గాలి కొట్టి కడగండి. రోటిఫర్ చాలావరకు తనంతట రాదు, మీరే తెస్తారు: రోటిఫర్ తొట్టిలో ముంచిన మగ్గు, తడి చేయి, వల. కాబట్టి పొద్దున ముందు ఆల్గే పని, తర్వాతే రోటిఫర్ల పని. మగ్గులు, బకెట్లు రెండు రంగులవి పెట్టుకోండి. తొట్టి, గొట్టాలు ఒకే డాబా మీద ఉంటే కనీసం ఎదురు మూలల్లో ఉంచండి, బుడగలు పగిలి ఎగిరే తుంపరతో కూడా చేరుతుంది.

ఎండాకాలం చల్లబరచడానికి తడి గోనె కట్టే అలవాటుంది. పడమటి వడగాలి వీచే రోజున అది బాగా చల్లబరుస్తుంది. సముద్రపు తేమగాలి ఉన్న రోజున అంతంతమాత్రం. నేరుగా పాలిథీన్ మీద బోరు నీరు చిలకరిస్తే తెల్లటి సున్నపు పొర పట్టి వెలుతురు ఆగిపోతుంది. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ వానల దాకా క్లోరెల్లాతో కుస్తీ పట్టకుండా అవే గొట్టాల్లో స్పిరులినా (పోగుల్లా పెరిగే మరో ఆల్గే) వేసుకోవడం తెలివైన పని. దానికి 35 డిగ్రీలే ఇష్టం, పీహెచ్ 10లో వేరేవి చాలావరకు బతకవు కాబట్టి చీడ తక్కువ. 100 లీటర్లకు తినేసోడా 800 గ్రాములు, అయోడిన్ లేని ఉప్పు 500, పొటాషియం నైట్రేట్ 200, మెగ్నీషియం సల్ఫేట్ 16, 0-52-34 ఎరువు 8 గ్రాములు, ఐరన్ ఈడీటీఏ అర గ్రాము. 40 మైక్రాన్ గుడ్డలో వడకడితే ముద్దగా దొరుకుతుంది. అయితే దాని పోగు రోటిఫర్ నోట పట్టదు, పిల్లల మేతలో కలపడానికే. ఎరువుల షాపు సరుకుతో పెంచింది కాబట్టి మనుషులు తినకూడదు.

ఆ నెలల్లో క్లోరెల్లా విత్తనాన్ని ఇంట్లో ఉత్తరం కిటికీ దగ్గర, రెండు లీటర్ల సీసాలు మూడింటిలో, చిన్న అక్వేరియం పంపుతో బతికించుకోండి. పది రోజులకోసారి సగం తీసి కొత్త ఎరువు నీరు పోస్తే చాలు. తుపాను కబురు వినగానే కూడా ఇదే దారి: విత్తనం లోపలికి, గొట్టాలు ఖాళీ, చట్రం కిందికి. నీళ్లున్న గొట్టాల వరస గాలికి ఊగితే క్లాంపుల దగ్గర చిరుగుతుంది. ఎలాగూ మామూలు పాలిథీన్ ఒక ఎండాకాలం దాటదు, నాలుగు నెలలకు గోరుతో గీరితే తెల్ల చార పడుతుంది. అప్పుడు గొట్టాలన్నీ ఒకేసారి కాకుండా వారానికి రెండు చొప్పున మార్చుకుంటే మేత ఆగదు.